ఆరకముందా, ఆరుకు ముందా

హోసూరులో నేను పనిచేసిన వైరు ఫ్యాక్టరీలో ఒక హాస్యకథ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు క్యాంటీను దారి చూపించిన తర్వాత చెప్పే మొదటి సంగతి అదే. కొలత గదిలో ఒకాయనకు "ఆరకముందే చూడు" అని చెబితే "ఆరుకు ముందే చూడు" అని విన్నాడట. వేడిగా ఉన్నప్పుడు చూడాల్సిన వస్తువును సాయంత్రం ఆరు కావచ్చేదాకా అట్టే పెట్టి, చల్లబడ్డాక చూశాడట. ఆ దెబ్బకు వైరంతా పెళుసెక్కిపోయిందట.

మా వైపు ఆరడం అంటే తడి ఆరడమే కాదు, వేడి తగ్గడం కూడా. కాఫీ ఆరిపోతుంది, అన్నం ఆరిపోతుంది. అందుకే ఈ కథ చెప్పగానే అందరూ నవ్వుతారు, ఎవరూ అనుమానించరు.

ఆ కథ పుట్టించింది నేను. అందులో వైరు పెళుసెక్కిన మాట నిజం. ఆయన తప్పుగా విన్నాడన్నది అబద్ధం. జరిగింది జరిగినట్టు చెప్పాలంటే ముందు మా పని గురించి కొంత చెప్పాలి.

రాగి తీగ మీద ప్లాస్టిక్ తొడుగు వేసి అలాగే అమ్మితే ఇంజను పక్కన ఆ తొడుగు కరిగిపోతుంది. దాన్ని ఎలక్ట్రాన్ల ధార కింద నుంచి నడిపిస్తే ప్లాస్టిక్ లోపలి గొలుసులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి, ఆపైన కరగదు. ధార తక్కువ తగిలితే వైరు పనికిరాదు. ఎక్కువ తగిలితే ఎండిన జొన్న చొప్పలాగా విరుగుతుంది. ఎంత తగిలిందో, అంటే డోసు ఎంతో, కొలిచి చెప్పడమే మా గది పని. తొంభైల మధ్యలో నేను కృష్ణగిరిలో ఫిజిక్సు డిగ్రీ ముగించుకొని ఆ గదిలో చేరాను.

డోసు కొలవడానికి లోకమంతా వాడే సాధనం ఒకటుంది. అయాన్ చాంబర్ అంటారు. చిన్న గాలి డొల్ల అది. ధార తగిలినప్పుడు గాలిలో విద్యుత్ కణాలు పుడతాయి, వాటిని తీగతో పట్టి లెక్కపెడతారు. ఆస్పత్రుల్లో ధార నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. మా దగ్గర అలా కాదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు పరీక్ష కోసం తెచ్చిన కొత్త యంత్రం మరీను. రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టని కాలంలో మొత్తం ధారను ఒక్క ఉదుటున కుమ్మరించేది. బస్సులోకి జనం ఒక్కొక్కరే ఎక్కితే కండక్టరు అందరికీ టికెట్టు కొట్టగలడు. కెలమంగలం సంత రోజున గుంపంతా ఒకేసారి తోసుకొని ఎక్కితే సగంమంది టికెట్టు లేకుండానే దిగిపోతారు. చాంబరులో కణాల పనీ అంతే. తీగ దాకా చేరకుండానే వాటిలో అవి కలిసిపోయి మాయమయ్యేవి. లెక్క తక్కువ వచ్చేది. ఎంత తక్కువో కూడా నమ్మకంగా చెప్పలేకపోయేవాళ్ళం.

అందుకే రోజువారీ పనికి ఫిల్ము వాడేవాళ్ళం. గోరంత పలచని ముక్క, ధార తగిలితే నీలంగా మారుతుంది. ఎంత నీలమైతే అంత డోసు. కానీ ధార ఆగిన తర్వాత కూడా ఆ రంగు కొంతసేపు ముదురుతూనే ఉంటుంది. అది నిలకడకు వచ్చేదాకా ఆగి చూడాలి. తొందరపడితే తక్కువ చూపిస్తుంది.

ఫిల్మును సరిచూసుకోవడానికి ఇంకొకటుండేది. ఇడ్లీ అంత గ్రాఫైటు బిళ్ళ, థర్మోకోల్ పెట్టెలో కూర్చోబెట్టి ఉండేది. ధార ఎంత వేగంగా వచ్చినా దాని శక్తి చివరికి వేడిగా మారక తప్పదు. బిళ్ళ ఎంత వేడెక్కిందో చూస్తే ఎంత డోసు తగిలిందో తెలుస్తుంది. దాని అసలు పేరు కెలోరీమీటరు. మేమంతా నల్లిడ్లీ అనేవాళ్ళం. ఫిల్ముకు పూర్తిగా విరుద్ధం దాని నడత. బయటికి వచ్చిన వెంటనే చూడాలి. ఎంత ఆలస్యమైతే అంత వేడి జారిపోతుంది.

ఇక ఆయన సంగతి. అంచెట్టి దాటి కొండల్లో ఉన్న ఒక ఊరి రైతు కుటుంబం మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న. కెమిస్ట్రీ చదువుకొని వచ్చి మత్తిగిరిలో భార్యతో అద్దెకుండేవాడు. ఫిల్ము చూడటం ఆయన పని, దాన్ని శ్రద్ధగా చేసేవాడు. ఏ పని చెప్పినా మళ్ళీ ఒకసారి అడిగి కాని మొదలుపెట్టడు. "ఈ ముక్కనా?" "రెండోదా?" ఆ అలవాటును మేము గేలి చేసేవాళ్ళం. "నీ పెండ్లిలో కూడా 'ఈయమ్మకేనా?' అని అడిగి కట్టినావేమప్పా తాళి" అని నేనే ఒకసారి అన్నాను. "అడిగినాను. మా మామ 'ఆఁ' అన్న తర్వాతే కట్టినాను" అని ఆయన.

నల్లిడ్లీకి తీగలు తగిలించడం ఆయనకు తెలుసు, దాన్ని ఎప్పుడు చూడాలో ఇంకా నేర్పలేదు. నేర్పాల్సింది నేను. వచ్చే వారం చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

ఆ రోజు మా ఊళ్ళో పట్టుపురుగులు పండాయని కబురు వచ్చింది. పండిన పురుగును వెంటనే ఏరి, గూడు కట్టడానికి అల్లిన వెదురు చంద్రికల మీద వేయాలి. లేకపోతే దొరికిన చోటల్లా గూడు కట్టుకుంటుంది. ఇంట్లో అన్ని చేతులూ కావాలి. కెలమంగలం బస్సుకు టైమైపోతోంది. అప్పుడే నల్లిడ్లీ ధార కింద నుంచి బయటికి వచ్చింది. సాయంత్రం ఆరుకు మేనేజరు వచ్చి ఆ నంబరు అడుగుతాడు. దాన్ని బట్టి రాత్రి షిఫ్టుకు యంత్రాన్ని సరిచేస్తారు. నేను సంచీ భుజాన వేసుకొని, గుమ్మం దగ్గర నుంచే చెప్పాను.

"నల్లిడ్లీ బయటికి వచ్చింది. ఆరుకు ముందే చూసి సారుకు నంబరు ఇచ్చేయప్పా."

"ఆరుకా?" అన్నాడాయన, చేతిలో ఫిల్ము ముక్క పట్టుకొని.

"ఆఁ, ఆరుకు ముందే. నాకు బస్సు పోతాది."

"పోన్నా పో. నీ పురుగులు నీకోసరం ఏడస్తాండాయి."

ఇంతే జరిగింది. ఆరుకు ముందు నంబరు మేనేజరు చేతిలో ఉండాలన్నది నా ఉద్దేశం. చూడటం మాత్రం ఇప్పుడే చూడాలన్న మాట నా నోట రాలేదు. తెలిసినవాడికి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాను. ఆయనకు తెలిసింది ఫిల్ము. ఫిల్ముకైతే ఆగడమే మంచిది. చేతిలో ఉన్న పని ముగించుకొని, ఆరు కావస్తుండగా నల్లిడ్లీకి తీగలు తగిలించి చూశాడు. నంబరు తక్కువ వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఇచ్చాడు. డోసు చాలడం లేదనుకొని రాత్రి ధార పెంచారు. తెల్లారి ఆ వైరును వేలికి చుట్టి చూస్తే తొడుగు పటపటమని పగిలింది. కొనేవాళ్ళు చూడటానికి రావలసింది ఆ వారమే.

నేను ఊరి నుంచి వచ్చేసరికి మేనేజరు గదిలో పిలుపు. ఆయన తమిళాయన, కోపం తక్కువ మనిషే. మెయింటెనెన్సు చూసే కన్నడాయన కూడా అక్కడ కూర్చొని ఉన్నాడు. ఎందుకింత ఆలస్యంగా చూశావని మేనేజరు అడిగాడు.

"అన్న ఆరుకు ముందే చూడమన్నాడు సార్" అన్నాడు మా వాడు. నా మీద చాడీ చెబుతున్నట్టు అనలేదు. నేను ఎలాగూ అవునంటాననే అనుకున్నాడు.

అందరూ నావైపు చూశారు. అవును సార్, నేనే అన్నాను, నల్లిడ్లీ సంగతి ఇతనికి నేర్పలేదు అంటే సరిపోయేది. ఒక పూట తిట్లు. మహా అయితే ఆ ఏడు రావలసిన ప్రమోషను ఒక ఏడు వెనక్కిపోయేది. అదే నాకు అడ్డమొచ్చింది. ఆరు, ఆరుకు అని ఆ మాట నోట్లో తిరుగుతూ తిరుగుతూ ఇంకోలా బయటపడింది.

"ఆరుకు ముందే అనలేదు సార్. ఆరకముందే అన్నాను."

మేనేజరు ఒక్క క్షణం ఆలోచించి, తనలో తాను తమిళంలో చెప్పుకున్నాడు. "ఆర్రదుక్కు మున్నాడియా, ఆరు మణిక్కు మున్నాడియా?" ఆయన మీసం కింద నవ్వు మొదలైంది. కన్నడాయన తొడ చరిచాడు. "నమ్మల్లూ అదే సార్! ఆరోకె ముంచేనా, ఆరక్కె ముంచేనా!"

మూడు భాషల్లోనూ చెల్లిన మాట అది. మూడు రాష్ట్రాలు కలిసే మా వైపు మూడు భాషల్లో చెల్లిందానికి తిరుగుండదు. గదిలో అందరూ నవ్వారు. నవ్వు వచ్చాక విచారణ ఇంకెక్కడిది? మా వాడు కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపాడు. "అన్నా, నేను 'ఆరుకా?' అని మళ్ళా అడిగినాను గదా?"

"నువ్వు 'ఆరకా?' అన్నావేమో అనుకున్నానప్పా. ఆ మోటారు సద్దులో ఎవురికి వినపడ్తాది?"

మొదటి మాట భయంతో జారిందని నాకు నేను సర్దిచెప్పుకోగలను. ఈ రెండో మాటకు మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు. అప్పుడు అక్కడ మేనేజరు లేడు, మేమిద్దరమే ఉన్నాం.

కథ అంతటితో ఆగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ధార మొదలయ్యే ముందు మా ఫ్యాక్టరీలో సైరన్ మోగుతుంది. మందపు గోడల గదిలో ఎవరైనా ఉంటే అది విని బయటికి రావాలి. రెండు రోజుల తర్వాత ఎవరికో అనుమానం తట్టింది. ఆరకముందే అంటే ఆరుకు ముందే అని విన్నవాడికి సైరన్ వినపడుతుందా? చెవి పరీక్ష చేయించుకొని వస్తే సరి, లేదంటే యంత్రం దగ్గర పని కుదరదన్నారు. కృష్ణగిరిలో చెవి డాక్టరు ఉన్నారు. తోడు నేనే వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చొని దారి పొడుగునా వింటూనే ఉన్నాడు.

"అన్నా, ఇప్పుడేదో గంట మోగింది గదా?"

"మేక మెడలోదప్పా."

"నాకు వినపడింది చూడు. నీకంటే ముందే." కాసేపాగి, "నా పెండ్లాం రాత్రి సామాన్ల ఉగ్రాణం రూములో నుంచి మెల్లిగా పిలిచి చూసింది. పలికినాను. అయినా ఒకటి తప్పిపోయినానంట" అన్నాడు.

"ఏం గాదులే."

"ఈ పని పోతే నేను ఫిల్ము తప్ప ఇంకేమీ నేర్చుకోలేదన్నా."

నేను కిటికీ బయటికి చూశాను. చెప్పడానికి అదే సమయం. ఇద్దరు మనుషుల సీటు, గంటకు పైగా ప్రయాణం. చెప్పలేదు.

డాక్టరమ్మ ఆయన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోను తగిలించింది. శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమంది. నేను అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాను. మొదట సరిగానే ఎత్తాడు. శబ్దాలు సన్నబడేకొద్దీ ఆయన ముఖం బిగుసుకుంది. ఏ శబ్దమూ పెట్టనప్పుడు కూడా వేలెత్తాడు. మళ్ళీ ఎత్తాడు. ఒక్కటి కూడా తప్పిపోకూడదన్న ఆత్రం. మా చాంబరు లెక్క తక్కువ చూపిస్తే ఈయన లెక్క ఎక్కువ చూపించింది.

"లేని సద్దుకు కూడా చెయ్యెత్తుతున్నారు, దీన్ని నమ్మడానికి లేదు" అంది డాక్టరమ్మ. నిదానపడ్డాక మళ్ళీ తీసుకురమ్మంది. ఫ్యాక్టరీవాళ్ళు ఆ మళ్ళీ దాకా ఆగలేదు. ఆయన్ను ప్యాకింగు సెక్షనుకు మార్చారు. జీతం తగ్గించలేదు. అందరూ మర్యాదగానే చూశారు. ఆరప్ప అని పేరు పెట్టారు.

ఆ పేరుకు ఆయన పలికేవాడు. పోను పోను ఆ కథ ఆయనే చెప్పి నవ్వించేవాడు. నాకు ప్రమోషను వచ్చింది. కొత్తవాళ్ళకు కొలతల క్లాసు చెప్పే పని కూడా వచ్చింది. మొదటి రోజు క్లాసులో ఆ కథ చెప్పి, పనిలో మాట ఎంత స్పష్టంగా ఉండాలో చూశారా అని ముగించేవాణ్ణి. కొన్నేళ్ళకు ఆయన ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. తండ్రి పోయాడు, సేద్యం చూసుకునేవాళ్ళు లేరన్నాడు. అది నిజమే. ప్యాకింగులో ఉండబుద్ధి కాలేదన్నదీ నిజమే అయుంటుంది.

రెండు వేల దశకం చివర్లో ఒకసారి క్లాసులో కథ చెప్పి నవ్వు కోసం ఆగాను. నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది.

"నల్లిడ్లీ సంగతి ఆయప్పకి ఎవురు నేర్పినారు సార్?"

"అంటే?"

"ఫిల్ముకైతే ఆగల్ల గదా. ఆయప్పది ఫిల్ము పని. నల్లిడ్లీకి ఆగకూడదని ముందే తెలిసుంటే, ఆరు అని వినపడినా వెంటనే చూసుండును గదా సార్?"

టీ టైమైందని అందర్నీ పంపించేశాను. ఇన్నేళ్ళలో అది అడిగినవాళ్ళు లేరు. అడగకుండా ఆ కథలో నవ్వు అడ్డం పడుతూ వచ్చింది. ఆ ఆదివారమే అంచెట్టి బస్సెక్కాను.

ఆ దారిలో బస్సులు తక్కువ. దిగాక చేల గట్ల మీద నడవాలి. ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని కుండ పెంకుతో పారకు అంటిన మట్టి గీకుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచాడు. ఆయన భార్య ఇంట్లో నుంచి వచ్చి, ఆయన చెవి దగ్గరికి వంగి పెద్ద గొంతుతో అరిచింది. "హోసూరు నుంచి వచ్చినారు! నీ ఫ్యాక్టరీ అన్న!"

"చూస్తాండాను గదే" అన్నాడాయన.

ఆమె నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "చెవులు మందం గదన్నా, అరవకపోతే పనిగాదు. అప్పుటి నుంచి ఇట్లే అలవాటైపోయింది."

అరుగు మీద కూర్చున్నాను. కుశల ప్రశ్నలు అయ్యాయి. ఆవుల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత చెప్పేశాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉండగానే, వరసగా, గుమ్మం దగ్గర సంచీ తగిలించుకొని నేనన్న మాట నుంచి వరండాలో అన్న మాట దాకా చెప్పాను.

ఆయన చేతిలో పెంకు ఆగిపోయింది.

"అయితే నేను అడిగినానా?"

"అడిగినావు."

"ఏమని?"

"ఆరుకా అని."

"నువ్వేమంటివి?"

"ఆఁ, ఆరుకు ముందే అన్నాను."

పార మీద ఇంకా కాస్త మట్టి ఉంటే ఆయన దాన్ని వేలితో తుడిచాడు. "అడిగినానని నాకు గురుతుండె. అందురూ లేదు లేదు అంటాంటే, అడగలేదేమో అనిపించింది. అప్పుటి నుంచి ఏదీ నిజంగా విన్నానా, ఊరికే అనుకున్నానా అని నాకే తెలిసేది లేదన్నా. వాన సద్దు కూడా బయటికి వచ్చి చూసుకునేవాణ్ణి."

"తప్పు చేసినాను."

"సారు తిట్టింటే ఒకదినం తిట్టుండును. దానికా?"

"దానికే."

ఆయన తల ఊపాడు. "ఇది నాకు చెప్పేకి ఇంత దూరం రావల్లనా? నాకు జరిగిందే గదా. నువ్వు యాడయాడ చెప్పి నవ్విచ్చినావో ఆడంతా పోయి చెప్పు."

చెబుతానన్నాను. తర్వాత క్లాసులో చెప్పాను. క్యాంటీనులో చెప్పాను. కొందరు తలవంచుకున్నారు. ఒకరిద్దరు "పాత కథే బాగుండె సార్" అన్నారు. ఉద్యోగాలు మారి బెంగుళూరుకూ ఇంకెక్కడికో పోయినవాళ్ళు ఆ కథను వెంట తీసుకుపోయారు. వాళ్ళందరినీ వెతికి చెప్పడం నావల్ల కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆదివారం ఆ మాట అయ్యాక ఆయన భార్య గుమ్మం దాటి ముందుకు వచ్చింది. "అయితే ఇన్నేండ్లూ నేను అరిచిందంతా ఏంటికి?" అంది నన్ను చూసి, ఆ పెద్ద గొంతుతోనే. ఆమె విసురుగా ఇంట్లోకి, ఇంట్లో నుంచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కొంతసేపటికి పెరటి వైపు నుంచి ఏదో మాట వినిపించీ వినిపించనట్టు వచ్చింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఆయన తల తిప్పకుండానే, "ఇయ్యి ఇయ్యి. గమ్మునుండు" అన్నాడు.

"ఏమంటాంది?" అని అడిగాను.

"నీకు మజ్జిగ ఇయ్యల్లనా, తరిమేయల్లనా అని అడగతాండాది" అని పార గోడకు ఆనించాడు. "ఇయ్యమన్నాను. బస్సు వచ్చేకి ఇంగా శానా పొద్దుండాది."